ఏడో నంబరు చాయ్

"ఏడుకు పేరేంది?"

"ఏడు."

"అది అంకె. నేను పేరు అడుగుతున్న."

"స్టెప్ సెవెన్."

కౌసల్య కళ్లు మూసుకుని మనసులో పది దాకా లెక్కపెట్టాలనుకుంది. మూడు దగ్గరే ఓపిక అయిపోయింది. కళ్లు తెరిచేసరికి కంప్యూటర్ తెర మీద ఆ లైను అలాగే పళ్లికిలిస్తోంది.

#define STEP7 7

"ఏడుకు ఏడని పేరు పెట్టే మనిషిని ఇప్పుడే చూస్తున్న. రేపు మీకు కొడుకు పుడితే కొడుకు అనే పేరు పెడ్తరా?"

నర్సింహ ఆలోచించాడు. నిజంగానే ఆలోచించాడు, అదే ఆమెకు ఒళ్లు మండించింది.

"ఒక్కడే అయితే సరిపోతది గద," అన్నాడు.

అది తొంభై ఎనిమిదో సంవత్సరం, వానలు అప్పుడప్పుడే మొదలవుతున్న రోజులు. పటాన్‌చెరు పారిశ్రామికవాడలో, బొంబాయి రోడ్డుకు రెండు సందులు లోపల, రేకుల షెడ్డులో నడిచే చిన్న కంపెనీ వాళ్లది. మందుల ఫ్యాక్టరీల్లో రియాక్టర్లని పెద్ద పెద్ద స్టీలు పాత్రలుంటాయి. వాటిలో ఎప్పుడు నీళ్లు నింపాలో, ఎప్పుడు కాచాలో, ఎప్పుడు చల్లార్చాలో చెప్పే కంట్రోల్ పెట్టెలు తయారుచేస్తారు వీళ్లు. ఎన్నో స్టెప్పు నడుస్తోందో పెట్టె ముఖాన ఒక ఎర్ర అంకె వెలిగి చెబుతుంది. పెట్టె లోపలి బుద్ధినంతా సి భాషలో రాసి చిప్పులోకి ఎక్కిస్తారు. రెండేళ్లుగా ఆ బుద్ధి నర్సింహ ఒక్కడిదే. ఎండాకాలం చివర్లో జోగిపేట నుంచి వచ్చి కౌసల్య చేరింది, ఆ రోజు నుంచి షెడ్డులో ప్రశాంతత లేదు.

ఇద్దరి తగాదా ఏమిటో ఇక్కడే చెప్పేస్తే మంచిది. సి భాషలో మారని అంకెకు పేరు పెట్టడానికి రెండు దారులున్నాయి. ఒకటి డిఫైన్. పేరు ఇది, అంకె ఇది అని పైన రాసి పెడితే, ప్రోగ్రాం, దాన్ని చిప్పుకు అర్థమయ్యేలా మార్చే కంపైలర్ చేతికి అందకముందే పేరున్న చోటల్లా అంకె వచ్చి కూర్చుంటుంది. అలాంటి పేరొకటి ఉండేదని కంపైలర్‌కు తెలియను కూడా తెలియదు. రెండోది ఈనమ్. పేర్లు వరసగా రాస్తే చాలు, అంకెలు కంపైలరే ఒకదాని తరువాత ఒకటి వేసుకుంటుంది. నర్సింహది డిఫైన్ దారి, కౌసల్యది ఈనమ్ దారి. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే విషయంలో మాత్రం ఇద్దరిదీ ఒకటే దారి.

"చిప్పుల జాగ తక్కువ. ఈనమ్ రెండు బైట్లు తింటది," అన్నాడు నర్సింహ.

"తినేది నంబరు దాచుకునే వేరియబుల్. పేర్లు ఏం తినవు. వేరియబుల్‌ను ఒక్క బైటుకే ఉంచుదాం."

"చిప్పు సొంత భాష అసెంబ్లీల ఉన్న ఫైలు గూడ ఈ డిఫైన్లే వాడ్తది."

"ఆ ఫైలు ఎవరు రాసిండ్రు?"

"నేనే."

"అయితే అదీ మారుద్దాం. సరే, ఇది చూడుండ్రి. నలభై నిమిషాలు కాగాలన్న చోట ముప్పై ప్లస్ పది అని ఎందుకున్నది?"

"మొదలు ముప్పై ఉండె. పది పెంచుమన్నరు. ఈ కొత్త పెట్టెల పెంచిన."

"బ్రాకెట్లు?"

నర్సింహ తెర వైపు చూశాడు. బ్రాకెట్లు లేవు. కింద దాన్ని అరవైతో గుణించి సెకన్లు చేశాడు. డిఫైన్ ఉన్నదున్నట్టు అతికించే రకం కాబట్టి, పది మాత్రమే అరవైతో గుణించుకుని ముప్పై బిక్కుబిక్కుమంటూ పక్కన నిలబడింది. నలభై నిమిషాలు కాగాల్సిన సరుకు పదిన్నర నిమిషాలకే దిగిపోతుంది.

"ఈనమ్‌ల పెడితే ముందే కలిపి నలభై చేసుకునేది," అంది కౌసల్య, గెలిచిన కోడిపుంజులా మెడ నిక్కించి.

అంతలో ఓనరు నరసరాజు తన అద్దాల గదిలోంచి తల బయటపెట్టాడు. భీమవరం వైపు మనిషి. "ఏమిటమ్మా ఆ గొడవ? ఏమయ్యా నర్సింహా, అమ్మాయి చెప్పినట్టు చేసేస్తే నీ సొమ్మేం పోయింది?"

నర్సింహ తలూపాడు. డిఫైన్లన్నీ పోయి ఈనమ్ వచ్చింది. ఒకటి నుంచే వరస మొదలుపెట్టింది గనుక అంకెలు పాతవే ఉన్నాయి, సైటులో పెట్టెలు చక్కగా నడిచాయి. ఆ వారమంతా కౌసల్య కాళ్లు నేల మీద ఆనలేదు.

వానలు ముదిరాయి. రేకుల్లోని చిల్లు ఒక్కటే, అది సరిగ్గా కౌసల్య కీబోర్డు పైన. నరసరాజుకు చెబితే "చూద్దాంలేమ్మా" అన్నాడు. సోమవారం వచ్చేసరికి చుక్క పడితే ఒట్టు. ఓనరుకు థాంక్స్ చెబితే ఆయన తెల్లమొహం వేశాడు. అసలు సంగతి షెడ్డు ఊడ్చే ఆగమ్మ చెప్పింది.

"నర్సింహ సారు నిన్న నిచ్చెనేస్కొని ఎక్కిండు గద బిడ్డా. జారి మోకాలు గూడ కొట్టుకపోయింది."

కౌసల్య విసవిసా అతని బల్ల దగ్గరికి వెళ్లింది. "మీరే కప్పిండ్రట. చెప్పొచ్చు గద?"

"ఏమని?"

"నేనే కప్పిన అని!"

"ఇప్పుడు కారుతలేదు గద," అన్నాడు నర్సింహ. అదే జవాబనుకున్నాడు పాపం.

అతనంటే ఆమెకు ఇష్టమైంది ఆ క్షణంలోనే. ఇష్టమైనందుకు తన మీద తనకే చిరాకేసింది కూడా. లోకంలో ఇంతమంది మగవాళ్లుండగా, బెల్లం కొట్టిన రాయిలాంటి ఈ మనిషే దొరకాలా?

అప్పుడే బేగంపేటలోని ఒక పెద్ద సాఫ్ట్‌వేర్ కంపెనీ నుంచి ఆమెకు పిలుపొచ్చింది. రెండు వేల సంవత్సరం వస్తే కంప్యూటర్లన్నీ తారీఖు మరిచిపోతాయని దేశమంతా కంగారుపడుతున్న కాలమది, ప్రోగ్రాం రాయడం వచ్చినవాళ్లను ఎగరేసుకుపోతున్నారు. వచ్చే ఒకటో తారీఖున చేరాలి. ఆ సాయంత్రం బొంబాయి రోడ్డు మీద బస్సు కోసం నిలబడ్డారిద్దరూ. అతను సంగారెడ్డి వైపు పోవాలి, పోతిరెడ్డిపల్లి అతనిది. ఆమె పటాన్‌చెరులోనే మేనత్త ఇంట్లో ఉంటుంది, ఆమె బస్సు వచ్చేది అవతలి వైపు. అయినా వాన పడే రోజుల్లో అతను ఎందుకో ఆ వైపుకొచ్చి నిలబడతాడు. గొడుగు ఆమె వైపుకే ఎక్కువ వాలుతుంది. మాట మాత్రం రాదు.

"నాకు బేగంపేటల జాబ్ వచ్చింది," అంది కౌసల్య.

లారీలు నీళ్లు చిమ్ముకుంటూ పోయాయి. అతని ముఖంలోకి చూస్తూ నిలబడింది. ఒక్క మాట. నువ్వు పోతే నాకు బాగుండదనో, నువ్వంటే నాకిదనో, తనకు తెలిసేలా ఏదో ఒక మాట.

"మంచిది," అన్నాడు నర్సింహ.

ఆ రాత్రి మేనత్త ఇంట్లో రెండు గిన్నెలు సొట్టపోయాయి.

ఆ తరువాతి వారమే అసలు కథ జరిగింది. ఇస్నాపూర్ దాటాక ఉన్న మందుల ఫ్యాక్టరీ వాళ్లు కొత్త స్టెప్పు ఒకటి కావాలన్నారు. రియాక్టర్ మూత బిగుసుకుందో లేదో యంత్రమే చూసుకోవాలి. నాలుగో స్టెప్పు ముందు కలపమన్నారు. కౌసల్య ఎగిరి గంతేసింది. ఈనమ్ గొప్పతనమే అది, మధ్యలో ఒక పేరు ఇరికిస్తే మిగతావి వాటంతటవే తలా ఒక అడుగు జరుగుతాయి.

నర్సింహ ఆమె వెనకగా వచ్చి నిలబడ్డాడు. "అంకెలు మార్చకుండ్రి."

"ఎందుకు?"

"మార్చకుండ్రి. గంతే."

"గంతే అంటే కారణం కాదు."

అతను ఏదో చెప్పబోయి, తల గోక్కుని, సిగ్గుపడ్డట్టు నవ్వి వెళ్లిపోయాడు. గోడకు చెప్పినా ప్రతిధ్వని వస్తుంది, ఈయనతో అదీ లేదు అనుకుని కౌసల్య పేరు ఇరికించేసింది. బల్ల మీద పరీక్ష చేస్తే అన్నీ పూసలు గుచ్చినట్టు నడిచాయి. చిప్పు సైటుకు వెళ్లింది.

మర్నాడు మధ్యాహ్నం ఫోనొచ్చింది. నరసరాజు తన మారుతి వ్యానులో ఇద్దర్నీ ఎక్కించుకుని పరుగెత్తించాడు. ఫ్యాక్టరీలో మాడు వాసన. రియాక్టర్ లోపలి సరుకంతా కాగి కాగి అడుగంటి తారులా నల్లబడింది.

"ఏమైంది రాములన్నా?" అని నర్సింహ అడిగాడు. పెద్దరాములు అక్కడి షిఫ్టు ఆపరేటరు.

"ఏడు పడ్డది సారూ. చాయ్‌కి పోయినం."

"ఏడు పడితే చాయ్‌కి ఎందుకు పోయిండ్రు?" కౌసల్య గొంతు కీచుమంది.

పెద్దరాములు ఆమెను వింతగా చూశాడు. "ఏడంటే చాయే గద మేడమ్. ఏడు పడ్డదంటే ఇగ నలభై నిమిషాలు అది దానంతటదే కాగుతది, ముట్టుకునే పని లేదు. అందరం గేటు బయట యాదన్న బండి కాడికి పోతం. ఎనిమిది పడెయాల్లకు వస్తం. పెట్టె వచ్చిన కాడి నుంచి గిదే నడుస్తున్నది. ఒరిస్సా పిలగాండ్లకు తెలుగు రాదు గని ఏడంటే ఎరుకే."

కౌసల్య వేళ్ల మీద స్టెప్పులు లెక్కపెట్టుకుంది. పాత వరసలో ఆరో స్టెప్పు, పొడిని చేత్తో కొంచెం కొంచెంగా పోయడం. ఏడు, నలభై నిమిషాలు కాగడం. తను మధ్యలో పేరు ఇరికించగానే పొడి పోసే స్టెప్పు ఏడో నంబరైంది. యంత్రం ఏడు చూపించి, పాత్రను వేడి మీదే ఉంచి పొడి కోసం ఎదురుచూస్తుంటే, అలవాటుగా ఆరులోనే పొడి పోసేసిన ఆపరేటర్లు ఏడు చూసి చాయ్ కోసం వెళ్లారు. ఎవరి లెక్కలో వాళ్లు కరెక్టు.

ఫ్యాక్టరీ మేనేజరు నిప్పులు కక్కాడు. "ఎవరండీ దీన్ని మార్చింది? గురువారం మళ్లీ ట్రయల్ చేస్తా. అప్పుడూ తప్పితే మీ పెట్టెలన్నీ పీకించి గేటు బయట పడేస్తా!"

"తప్పు నాది సార్," అన్నాడు నర్సింహ.

"కాదు!" కౌసల్య ముందుకొచ్చింది. "ప్రోగ్రాం మార్చింది నేను. ఈయన వద్దన్నా మార్చిన. గురువారం సరిగా నడుస్తది."

మేనేజరు ముందు అంతే మాట్లాడింది. మిగతాది గేటు బయట, వానలో.

"నా తప్పు నువ్వెందుకు మింగినవ్?" కోపంలో మీరు కాస్తా నువ్వయిపోయింది, ఇద్దరిలో ఎవరూ గమనించలేదు. "చెప్పాల్సింది చెప్పవు, చెప్పొద్దన్నది చెప్తవు!"

"అంకెలు మార్చొద్దని చెప్పిన గద."

"ఎందుకో చెప్పినవా? ఏడు పడితే చాయ్‌కి పోతరని ఒక్క ముక్క చెప్తే నీ నోట్లకెల్లి ముత్యాలు రాలుతయా?"

"చాయ్ ముచ్చట ప్రోగ్రాంల ఎట్ల రాస్తరు? నువ్వు నవ్వుతవనుకున్న."

"నవ్వేదాన్ని! నవ్వి, అంకె మార్చకుండా ఉండేదాన్ని!" కౌసల్య ముఖం మీది వాననీళ్లు తుడుచుకుంది. "నేను గూడ ఒక్కసారన్న ఇక్కడికొచ్చి వీళ్లెట్ల పని చేస్తరో చూడాల్సింది. చూడలే. అది నా తప్పు, దాన్ని నాకే ఉండనియ్. నీ తప్పేందో నీకు తెల్సా? నీ లోపల అన్నీ ఉంటయ్, ఒక్కదానికి గూడ పేరు పెట్టవు. ఎదుటోళ్లు ఏమన్న జ్యోతిష్యం నేర్చుకొని వస్తరా?"

వానలో నర్సింహ ముఖం ముడుచుకుపోయింది. మోకాలు కొట్టుకుపోయినప్పుడు కూడా అతని ముఖం అలా అయి ఉండదు.

మర్నాడు ఇద్దరూ ఒకే బల్ల ముందు కూర్చున్నారు. మాటలు తక్కువ, పని ఎక్కువ. ఈనమ్ అలాగే ఉంచారు, కానీ ప్రతి పేరు పక్కనా ఈక్వల్ టు పెట్టి దాని పాత అంకె దానికి గట్టిగా కట్టేశారు. ఇక మధ్యలో ఎవరొచ్చి ఇరుక్కున్నా పాతవాళ్ల అంకెలు కదలవు. కొత్తగా వచ్చిన మూత స్టెప్పుకు ఎవరూ వాడని పదకొండు ఇచ్చారు.

"మూడు తరువాత పదకొండు, మళ్లీ నాలుగు. చూస్తేనే చిరాకు," అంది కౌసల్య.

"ఆపరేటర్లకు పరేషాన్ లేదు."

"అందుకే ఒప్పుకున్న. ఇప్పుడు చెప్పు. ఏడుకు పేరేంది?"

నర్సింహ కీబోర్డు తన వైపు లాక్కున్నాడు. కాసేపు ఆలోచించి నాలుగు అక్షరాలు కొట్టాడు.

CHAI = 7,

ఆమె నవ్వకూడదనుకుంది. నవ్వాపుకోవడానికి కిటికీ వైపు తిరగాల్సి వచ్చింది.

గురువారం ట్రయల్. ఈసారి కౌసల్య పెట్టె పక్కనే నిలబడి ఒక్కో అంకెనూ చూసింది. మూడు, పదకొండు, నాలుగు. ఆరు రాగానే పెద్దరాములు పొడి పోశాడు. ఏడు వెలిగింది. ఒరిస్సా కుర్రాళ్లు బిలబిలమంటూ గేటు వైపు కదిలారు. మేనేజరు గడియారం చూసి, సరుకు రంగు చూసి, ఏమీ అనకుండా వెళ్లిపోయాడు. ఆయన భాషలో అది మెచ్చుకోవడమే.

"ఏడు పడ్డది. చాయ్‌కి నడువుండ్రి మేడమ్," అన్నాడు పెద్దరాములు.

యాదన్న బండి మీద నీలం పరదా కట్టి ఉంది, వాన దాని మీద టపటపలాడుతోంది. బెంచీకి ఆ కొసన ఆపరేటర్లు, ఈ కొసన వీళ్లిద్దరూ. గాజు గ్లాసుల్లో చాయ్ పొగలు కక్కుతోంది.

"శనివారం నా ఆఖరి రోజు," అంది కౌసల్య.

"మంచి..."

"ఇంకొక్కసారి మంచిది అన్నవంటే ఈ చాయ్ నీ నెత్తి మీద పోస్త."

నర్సింహ నెత్తికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. తరువాత మెల్లగా, "మరేమనాలె?" అన్నాడు.

"నీ లోపల ఏమున్నదో గది."

"ఉన్నది. గని అనొద్దనుకున్న."

"ఎందుకు?"

"మంచి జాబ్. ఇక్కడేమున్నది, రేకుల షెడ్డు. నేను ఏమన్న అంటే నువ్వు ఆగుతవు. ఆగినందుకు రేపు బాధపడ్తవు. అందుకే ఊకున్న."

అతను ఒక్కసారిగా అన్ని మాటలు మాట్లాడటం ఆమె ఎప్పుడూ వినలేదు. అయినా ఆ సంతోషం పక్కకు నెట్టి, లెక్క ఎక్కడ తప్పిందో పట్టుకుంది.

"ఆగు ఆగు. నువ్వు నాకేం చెప్పాలనుకున్నవ్?"

అతను చాయ్ వైపు చూస్తూ చెప్పాడు. "నువ్వంటే ఇష్టమని."

"మరి పోవద్దన్న మాట మధ్యల యాడికెల్లి వచ్చింది?"

"రెండూ ఒకటే గద."

కౌసల్య నీలం పరదా వైపు తలెత్తి దేవుణ్ణి ఓర్పు అడిగింది. దొరకలేదు. "రెండూ ఒకటేనా? ఇష్టం వేరు, పోవద్దు వేరు! రెండు పేర్లకు ఒకటే అంకె ఏసి పెట్టుకొని ఇన్ని దినాలు నన్ను సతాయించినవా? బేగంపేట ఏమన్న సముద్రం అవతల ఉన్నదా? పటాన్‌చెరుల బస్సెక్కితే గంటల దిగుత. పొద్దుగాల పోయి మాపటికి వస్తరు మనుషులు, తెల్సా?"

నర్సింహ ఆమెను చూశాడు. అతని ముఖంలో దీపం వెలుగుతున్నట్టుగా నెమ్మదిగా ఏదో అర్థమవుతోంది.

"అంటే... పోతవ్."

"పోత."

"మల్ల వస్తవ్."

"రమ్మని అడిగేటోళ్లు ఎవరన్న ఉంటే వస్త. నోరు తెరిచి అడిగేటోళ్లు."

అతను గ్లాసు బెంచీ మీద పెట్టాడు. చేతులు ప్యాంటుకు తుడుచుకున్నాడు. "కౌసల్యా, నువ్వంటే నాకు శాన ఇష్టం. రేకు మీదికి ఎక్కినప్పటి నుంచి గాదు, అంతకు ముందటి నుంచే. జాబ్‌కు పో, పెద్ద జాబే చెయ్. నన్ను పెండ్లి చేస్కుంటవా?"

బెంచీ ఆ కొసన ఆపరేటర్లంతా ఇటు తిరిగారు. యాదన్న చాయ్ తిరగబోయడం మరిచిపోయాడు. కౌసల్య కళ్లలో నీళ్లు తిరిగాయి. కోపంగా ఉండాలని ఎంత ప్రయత్నించినా పెదవులు మాట వినలేదు.

"మేడమ్," అన్నాడు పెద్దరాములు ఉండబట్టలేక, "జల్దీ చెప్పుండ్రి. ఎనిమిది పడ్తది."

"చేస్కుంట!" అని అరిచింది కౌసల్య, తిట్టినట్టే.

ఆదివారం పోతిరెడ్డిపల్లిలో అతని తల్లి రాజవ్వ గడపలో కూర్చుని చిక్కుడుకాయలు తుంచుతోంది. కొడుకు వెనకే వస్తున్న పిల్లను చూసి, చేతులు ఆపి, "ఎవరింటికి బిడ్డా?" అంది.

కౌసల్య గిర్రున నర్సింహ వైపు తిరిగింది. "ఇంట్ల ఏం చెప్పలేదా?"

"కూర ఎక్కువ చెయ్యమని చెప్పిన."

ఆమె ముఖం చూసి, ఇక గిన్నెలు సొట్టపోతాయని అర్థమైందేమో, నర్సింహ గబగబా తల్లి ముందు చతికిలబడ్డాడు. "అవ్వా, ఈ పిల్లంటే నాకిష్టం. ఈమెనే చేస్కుంట. జోగిపేటోళ్లు. నువ్వు, బాపు పోయి వాళ్ల అమ్మానాయినతోని మాట్లాడాలె. ఈమె బేగంపేటల జాబ్ చేస్తది, పెండ్లయినంక గూడ చేస్తది."

రాజవ్వ చిక్కుడుకాయలు పక్కకు జరిపింది. "పుట్టినప్పటి నుంచి నువ్వు ఇన్ని మాటలు మాట్లాడంగ నేను జూడలే," అంది. కౌసల్య చెయ్యి పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకుంది. "వీని నోరు తెరిపించినవంటే మామూలు పిల్లవు కాదు నువ్వు. మా ఇంట్లకు నువ్వే రావాలె, ఇగ తిరుగు లేదు." అంతలో ఏదో గుర్తొచ్చి కొడుకు వైపు తిరిగింది. "అవ్ రా, గింత చెప్పి అసలుది చెప్పవైతివి. పేరేంది?"

కౌసల్య తల పట్టుకుంది.

"కౌసల్య," అన్నాడు నర్సింహ, పక్కింటివాళ్లకు కూడా వినపడేంత గట్టిగా.